కణత కిటికీ

పోయిన వారం ఈ కథను ఒక గుమ్మం దగ్గర వదిలేసి వెళ్లాను. వనపర్తిలో ఒక దవాఖాన, అందులో స్కానింగ్ గది, ఆ గది గుమ్మం. దానికి అడ్డంగా చాచి ఉన్నది ఆశీర్వాదం చెయ్యి. చేతికి ఇవతల అతని అక్క జమ్ములమ్మ, ఆమె కొంగు పట్టుకుని వెనకాల నిలబడ్డది కూతురు రోజా. వారం నుంచీ పాపం ఆ చెయ్యి అలాగే ఉంది. పత్రిక ఇవాళే కొత్తగా చేతికందినవాళ్లకు సంగతేమిటో చెప్పి, ఆయన చెయ్యి దించే దారి చూద్దాం.

గద్వాల అవతల, జూరాల కాలువ నీళ్లు పారే పల్లె వాళ్లది. జమ్ములమ్మ భర్త ఇస్రాయేలు పూణెలో బిల్డింగు పనుల్లో ఉన్నాడు. కొడుకు యేసుబాబు వరికోత మిషన్ నడుపుతాడు. కూతురు రోజా సీడు పత్తి చేలల్లో క్రాసింగ్ పనికి పోయేది. ఒక చెట్టు పువ్వు పుప్పొడిని ఇంకో చెట్టు పువ్వుకు చేత్తో తాకించే పని అది. ముందు మొగ్గ పొట్ట విప్పి, లోపల కాయ కట్టే కీలం విరగకుండా పుప్పొడి కాడలు గిల్లెయ్యాలి. మొరటు వేళ్లకు లొంగే పని కాదు. రోజా వేళ్లు పెట్టిన చేను ఎప్పుడూ నష్టపోలేదని రైతులు ఆ పిల్లను పేరు పెట్టి పిలిపించుకునేవాళ్లు. అలాంటి వేళ్లు కిందటేడు వణకడం మొదలుపెట్టాయి. మొగ్గ విప్పబోతే మొగ్గే ఊడి చేతిలోకి వచ్చేది. తర్వాత మాట ముద్దయింది. ఆదివారం చర్చిలో గడగడా వాక్యం చదివే పిల్ల, నోటి చివర చొంగ జారుతుంటే తుడుచుకోలేక తల దించుకుంది. గాలి సోకిందన్నారు కొందరు. పని తప్పించుకోవడానికి వేషాలన్నారు ఇంకొందరు. సూదులు, ప్రార్థనలు, తాయెత్తులు అన్నీ అయిపోయాక, వనపర్తిలో యమున అనే డాక్టరమ్మ తలలోకి చూసి వణుకెందుకో చెబుతోందని విని జమ్ములమ్మ కూతుర్ని తీసుకుని బస్సెక్కింది.

అంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా ఆ గది పేరుతో వచ్చింది. వాళ్ల పల్లెలో స్కానింగ్ అంటే కడుపుతో ఉన్నవాళ్లు పోయే చోటు, అంతే. పైగా పుట్టబోయేది ఆడో మగో ఇక్కడ చెప్పబడదని గోడ మీద పెద్దక్షరాల బోర్డు. ఆ బోర్డు కింద పెళ్లికాని పిల్ల కూర్చుని ఉండగా ఊరివాడొకడు చూశాడు. చూసినవాడు ఊరుకుంటాడా? ఆశీర్వాదానికి ఫోను కొట్టాడు. ఎందుకంటే ఆశీర్వాదం కూతురు సువార్తకూ యేసుబాబుకూ వచ్చే వారమే పెళ్లి. చిన్నప్పటి నుంచీ అనుకున్న సంబంధం. ఆశీర్వాదం కాబోయే అల్లుడి బైకు మీదే గద్వాల నుంచి ఉరికొచ్చాడు. బైకు స్టాండు వేసే పని అల్లుడికి వదిలేసి, తాను గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

“పెండ్లిగాని పిల్లకు ఈ రూముల ఏం పనక్కా?” అన్నాడు. అరవలేదు. అరిచే మనిషి కాదు అతను. కూలీల గుంపు మొత్తాన్ని ఒక్క చూపుతో లారీ ఎక్కించే మేస్త్రీ. “ఊర్లె నలుగురు నాలుగు రకాలుగ అంటున్నరు. నా బిడ్డను ఏ ఇంటికి ఇస్తున్ననో నేను చూసుకోవద్దా?”

“చేతులు వణుకుతున్నయని తోలుకొచ్చిన తమ్మీ. నువ్వనుకునే దానికి కాదు.”

“చేతులు వణికితే చేతులు చూయించాలె. చేతులకు స్కానింగ్ ఏందక్కా?”

నిజం చెప్పాలంటే డాక్టరమ్మ ఏం చేస్తుందో జమ్ములమ్మకూ తెలియదు. కూతురి చేతిలో తడిసి ముద్దయిన రుమాలు మాత్రం తెలుసు.

“ఇంటికి పోదాం పా” అన్నాడు ఆశీర్వాదం కాస్త మెత్తబడి. “పెండ్లి కానియ్యి. అయినంక నేనే హైదరాబాద్ తోలుకపోత. ఈ గడప ఇయ్యాల దాటినవంటే మాత్రం పెండ్లి ఉండదు. తర్వాత నన్ను అనొద్దు.”

తమ్ముడు మాటంటే వెనక్కి తీసుకునే రకం కాదని జమ్ములమ్మకు బాగా తెలుసు, వాణ్ని చంకనేసుకుని పెంచింది ఆమే. సువార్త అంటే యేసుబాబుకు ప్రాణం. ఆ పిల్ల కూడా అత్తా అత్తా అంటూ ఈ ఇంట్లోనే తిరిగి పెద్దదైంది. కొడుకు పెళ్లి కళ్లారా చూడాలని జమ్ములమ్మ ఎన్నాళ్ల నుంచి కాచుకుని ఉందో దేవుడికే తెలుసు. ఒక పక్క అది. ఇంకో పక్క కొంగు పట్టుకున్న చేతి వణుకు, కొంగులోంచి నడుము దాకా పాకి తెలుస్తూనే ఉంది.

ఈమె మొండితనం గురించి ఒక్క ముక్క చెప్పాలి. చర్చిలో చేరినప్పుడు ఇంట్లో అందరూ పేర్లు మార్చుకున్నారు. ఈమె మాత్రం అమ్మవారి పేరు వదల్లేదు. పాస్టరుగారు ఎంత చెప్పినా, మా అమ్మ పిలిచిన పేరుకే నేను పలుకుతానంది. అలాంటి మనిషి ఇప్పుడు తమ్ముణ్ని తోయలేదు, వాదించలేదు. నడుం వంచి ఆ చేతి కింద నుంచి లోపలికి దూరింది. కొంగు పట్టుకుని ఉంది గనక రోజా కూడా వంగి వెనకే వచ్చేసింది. అడ్డం పెట్టిన చెయ్యి అడ్డంగానే ఉండిపోయింది. ఇక దాన్ని దించుకోవడం తప్ప ఆశీర్వాదం చేయగలిగింది ఏమీ లేదు.

లోపల డాక్టర్ యమున ఇదంతా వింటూనే ఉంది. ఉప్పునుంతల ఊరి పిల్ల ఆవిడ, పెద్ద చదువులు చదివినా మాట మారలేదు. గుమ్మం దాకా వచ్చి, “అన్నా, నువ్వు గూడ లోపలికి రా” అంది. “బయట నిలబడి పరేషాన్ గాకు. మిషన్ ఏడ పెడుతనో నీ కండ్లతోనే చూడు.”

తిట్టించుకోవడానికి సిద్ధపడి ఉన్న మనిషిని ఇలా పిలిస్తే ఏం చేస్తాడు? గొణుక్కుంటూ లోపలికి వచ్చాడు.

గదిలో మంచం, మంచం పక్కన మిషన్, దానికో తెర. డాక్టరమ్మ చేతిలో చిన్న టార్చిలైటంత ప్రోబ్ ఉంది. అది గుండె చూసేదట. దాన్నే కణతకు ఆనిస్తానంది. “ఇక్కడ ఎముక పలుచగ ఉంటది. మేము దీన్ని కిటికీ అంటం” అంటూ తన చెవి ముందు, కొంచెం పైన వేలు పెట్టి చూపించింది. “చప్పుడు ఈ కిటికీల నుంచి లోపలికి పోయి, ఏం తగిలిందో సూసుకోని మళ్ల వస్తది. వచ్చింది తెర మీద బొమ్మ అయితది.”

“ఏం చప్పుడు? నాకైతే ఏం వినవస్తలేదు” అన్నాడు ఆశీర్వాదం.

“మన చెవులకు అందదన్నా.”

జమ్ములమ్మకు ఇంకో సందేహం వచ్చింది. “ఇంత చిన్న మిషనే గదా డాక్టరమ్మా. సంచిల ఏసుకోని మా ఊరికే రావొచ్చు గద. ఈ లొల్లే ఉండకపోవు.”

“ఈ మిషన్ రూము దాటొద్దని కానూను ఉన్నదమ్మా. కడుపుల ఆడపిల్ల ఉంటే చంపుతున్నరని పెట్టిండ్రు. మంచి కానూనే. అందుకని నేను రాలేను, మీరే రావాలె.” ఆవిడ గొంతులో విసుగు లేదు. ఈ జవాబు ఎన్ని ఊళ్లవాళ్లకు చెప్పిందో మరి.

రోజా మంచం వైపు చూసి భయపడింది. అది గమనించి జమ్ములమ్మ తానే ముందు ఎక్కి పడుకుంది. కణత మీద చల్లటి జెల్లు తగిలింది. తెర మీద మాత్రం మసక తప్ప ఏమీ రాలేదు. డాక్టరమ్మ అటు తిప్పింది, ఇటు తిప్పింది, నవ్వేసింది. “నీ కిటికీ మూసుకపోయిందమ్మా. వయసు మీద పడితే కొందరికి ఎముక గట్టిపడుతది. అందరికీ తెరుచుకోదు ఇది. నేను ఈ పనిల పడ్డంక ఇట్ల ఎంతమందినో ఊరికెనే వాపస్ పంపిన.”

“నేను ముందే చెప్పిన, అక్క తల గట్టిది” అన్నాడు ఆశీర్వాదం. గదిలోకి వచ్చాక అతను కోపం లేకుండా అన్న మొదటి మాట అది.

“అయితే నువ్వు పండుకో అన్నా” అంది డాక్టరమ్మ.

అతను ఊహించలేదు. కానీ ముగ్గురు ఆడవాళ్ల ముందు, పడుకోవడానికి భయమని ఎలా చెబుతాడు? చెప్పులు విడిచి, తువ్వాల మడిచి, పెళ్లిపీటల మీద కూర్చోబోయే మనిషంత బిగుసుకుని పడుకున్నాడు. ఈసారి తెర మీద బొమ్మ వచ్చింది. బూడిద రంగులో ఏవో గీతలు, నీడలు. డాక్టరమ్మ వేలు పెట్టి చూపించింది. “గీ నడుమ నల్లగ సీతాకోకచిలుక లెక్క ఉన్నది చూసినవా? అది నడిమి మెదడు. జర పైకి పోతే ఈ జాగ. చేతులు కాళ్లు సక్కగ ఆడాలంటే ఇది మంచిగుండాలె. నీకు ఇక్కడ నల్లగ, సాఫుగ ఉన్నది. ఏం లేదు.”

“ఏం లేదంటే లోపల ఏం లేదనా?” అంది జమ్ములమ్మ.

డాక్టరమ్మ పెదవులు బిగబట్టింది. రోజా కూడా నవ్వింది, ముఖం ఒక పక్కే కదిలినా అది నవ్వేనని తల్లికి తెలిసింది. ఆశీర్వాదం లేచి కణత తుడుచుకుంటూ తెర వైపు ఇంకోసారి చూసుకున్నాడు. తన తల సాఫుగా ఉందని డాక్టరే చెప్పాక, ఏ మగాడికైనా కోపంగా ఉండడం కష్టమే.

ఇక రోజా వంతు వచ్చింది. పిల్ల పడుకుందేగానీ తల నిలవడం లేదు. కదలకు అని డాక్టరమ్మ ఒక్కసారి కూడా అనలేదు. ఎడమ అరచేయి దిండులా తల కింద పెట్టి, వణుకు వచ్చినప్పుడు ఆగి, తగ్గినప్పుడు చూసి, మళ్లీ ఆగి, మళ్లీ చూసింది. నోటి చివర చొంగ జారితే పనాపకుండానే తన రుమాలుతో తుడిచింది. అదొక పెద్ద పనిలా ఆవిడ చేయలేదు. ఈ ఏడాదిలో ఎన్నో గుమ్మాలు తొక్కిన జమ్ములమ్మకు, కూతురి ముఖాన్ని అసహ్యం లేకుండా ముట్టుకున్న మొదటి డాక్టరు ఈవిడే అనిపించింది. ఈవిడ ఏం చెప్పినా వింటానని ఆ క్షణమే అనుకుంది.

తెర మీద సీతాకోకచిలుక వచ్చింది. జర పైకి పోయింది బొమ్మ.

ముందు చూసింది ఆశీర్వాదమే. “డాక్టరమ్మా, నాకు నల్లగున్న కాడ ఈ పిల్లకు ఏందో తెల్లగ మెరుస్తున్నది.”

డాక్టరమ్మ రోజా తల రెండో వైపు తిప్పి ఆ కణత నుంచి కూడా చూసింది. అటు పక్కా అంతే, పిండి రాలినట్టు తెల్లటి మచ్చ. బొమ్మను ఆపి, కొలతలేవో తీసుకుంది. అప్పుడు ప్రోబ్ పక్కన పెట్టి, రోజా చెయ్యి పట్టుకుని చెప్పింది.

“అది రాగి.”

“రాగా?” అంది జమ్ములమ్మ.

“మనం తినే ప్రతి దాంట్ల జర రాగి ఉంటదమ్మా. ఒంటికి కావాల్సింది ఉంచుకోని మిగిలింది కార్జం, అదే లివరు, బయటికి తోస్తది. చెరువుకు తూము ఉన్నట్టు. ఈ పిల్లకు పుట్టుకతోనే ఆ తూము తెరుచుకోదు. చిన్నప్పటి నుంచి వచ్చిన రాగి వచ్చినట్టే నిండింది. కార్జం నిండి, పొర్లి, తలకెక్కింది. అందుకే చేతులు వణుకుతున్నయి. మాట ముద్ద అయితున్నది. గాలి గాదు, ధూళి గాదు.”

జమ్ములమ్మ మంచం కోడు పట్టుకుని నెమ్మదిగా నేల మీద కూర్చుంది. వణుకు మొదలైన నెలలోనే ఆమె గద్వాల బజారుకు పోయి రాగి బిందె తెచ్చింది. రాగి నీళ్లు నరాలకు మంచివని ఎవరు చెప్పలేదు గనక? ఫోనులో చెప్పారు, పక్కింటివాళ్లు చెప్పారు, సూదిమందు డాక్టరూ చెప్పాడు. రోజూ పొద్దున్నే బిందెలో నీళ్లు చెంబుతో ముంచి, తాను తాగకుండా కూతురికే తాగించింది. ఇంట్లో అంత మురిపెంగా తోమిన సామాను ఇంకొకటి లేదు.

“నేనే పోసిన” అంది. “నేనే నా చేతులతోని పోసిన డాక్టరమ్మా.”

డాక్టరమ్మ కూడా ఆమె ఎదురుగా నేల మీదే కూర్చుంది. “ఇను. బిందె కొన్నప్పటికే ఈ పిల్ల చేతులు వణుకుతున్నయి గదా? రోగం బిందెతోని రాలే. బిందె తేకున్నా ఇంతే అవుతుండె. ఇయ్యాల్టి నుంచి ఆ నీళ్లు బంద్ చెయ్యి, అంతే. నీ తప్పు ఏం లేదు. ఈ మాట ఇంకొకసారి చెప్పమన్నా చెప్త.”

ఆశీర్వాదం మెల్లగా రోజా మణికట్టు పట్టుకున్నాడు. అక్కడ రాగి కడియం ఉంది. వణుకు తగ్గుతుందని రాయచూరు నుంచి తెచ్చి తొడిగింది అతనే. దాన్ని లాగుతుంటే డాక్టరమ్మ, “కడియం తోలు మీద ఉంటదన్నా, లోపలికి పోదు. ఉన్నా నష్టం లేదు” అంది. అయినా అతను తీసి జేబులో వేసుకున్నాడు.

అప్పుడు రోజా నోరు తెరిచింది. ఒక్కో ముక్కనూ ఈడ్చుకొచ్చినట్టు మాట్లాడుతుంది గనక అందరూ ఆగి విన్నారు.

“నేను... యేషాలు... ఎయ్యలే మామా.”

ఊళ్లో ఆ మాట అన్నవాళ్లలో ఆశీర్వాదం కూడా ఒకడు. పని ఎగ్గొట్టే కూలీలను చూసీ చూసీ, మేనకోడలిని కూడా అదే కంటితో చూశాడు. ఇప్పుడు ఆ పిల్ల ముఖం వైపు చూడలేకపోయాడు. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. “లేదు బిడ్డా. ఎయ్యలే. నాకు కండ్లు లేకుండె” అన్నాడు. ఆ మాట అనడానికి అతనికెంత కష్టమైందో అక్కకు ఒక్కదానికే తెలుసు.

డాక్టరమ్మ రోజాను ఎదురు గదిలోని కంటి డాక్టరు దగ్గరికి నడిపించింది. మిషన్ ఒక్కదాని మాట మీద మందు మొదలుపెట్టనంది. కంటి డాక్టరు అద్దంలోంచి చూసి, జమ్ములమ్మను కూడా పిలిచి చూడమన్నాడు. నల్లగుడ్డు అంచు చుట్టూ గోధుమ రంగు గీత, గుండ్రంగా, దిద్దినట్టు ఉంది. అదీ రాగేనట. రోజూ ముద్దు పెట్టుకునే కళ్లలో ఇంత స్పష్టంగా ఉన్నదాన్ని తానెన్నడూ చూడలేదు. రక్తం తీశారు, మూత్రం పట్టడానికి డబ్బా ఇచ్చారు. ఆ పరీక్షలు రాగానే మందు మొదలవుతుంది.

“నయమైతదా?” అని అడిగింది జమ్ములమ్మ.

“బతికినన్ని రోజులు గోలీలు మింగాలె. ఒక్క రోజు గూడ తప్పొద్దు. ఒంట్ల ఉన్న రాగిని అవి మెల్లమెల్లగ గుంజుకొస్తయి. వణుకు తగ్గుతది, మాట సాఫు అయితది. ముందుగాల కొన్ని రోజులు ఎక్కువైనట్టు అనిపించినా భయపడొద్దు. పత్తి చేనుకు మళ్ల పోతదా అంటే, పోవాలనే నా ఆశ. పోతదని మాత్రం ఇప్పుడే చెప్ప. అబద్ధం చెప్పను నీకు.”

ఆశ ఉందని చెప్పి, ఎంత ఉందో దాచకుండా చెప్పే డాక్టర్లు అరుదు. పెద్ద మిషన్లు హైదరాబాదులో ఉన్నాయి, అక్కడిదాకా పోలేని జనం ఇక్కడ ఉన్నారు. మన్ననూర్ నుంచి, లింగాల నుంచి, ఎక్కడెక్కడి నుంచో చేతులు వణికేవాళ్లను రప్పించి, వాళ్ల కణతల మీద ప్రోబ్ ఆనించి, తలలో పేరుకున్న లోహాన్ని ఈ చిన్న మిషన్‌తో ఎంత ముందుగా పట్టుకోవచ్చో యమున పరిశోధన చేస్తోంది. గర్భిణుల వరస అయిపోయాకే మిషన్ ఆవిడ చేతికి దొరుకుతుంది. అప్పటికి మిగతా డాక్టర్ల టిఫిన్ డబ్బాలు ఖాళీ అయి ఉంటాయి, ఈవిడది మాత్రం మూత తీయకుండా ఉంటుంది. ఇలాంటివాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది నాకైతే.

తిరిగి స్కానింగ్ గదిలోకి వచ్చాక డాక్టరమ్మ అడిగింది. “మీది మేనరికమా అమ్మా?”

“అవును. మా అమ్మ సొంత తమ్ముడే నా పెనిమిటి.”

“ఈ రోగం ఒక్క దిక్కు నుంచి వస్తే ఏం కాదు, లోపల ఉండి ఉండనట్టే ఉంటది. అమ్మ దిక్కు నుంచి, నాయిన దిక్కు నుంచి రెండూ కలిస్తేనే బయటపడుతది. ఇంట్లనే ఇచ్చుకుంటే రెండూ కలిసేది ఎక్కువ. పాపం గాదు, శాపం గాదు. లెక్క అంతే.”

ఆశీర్వాదం మధ్యలో అందుకున్నాడు. “నా తల సాఫుగుందని చెప్తివి గదా మేడం.”

“నీకు రోగం లేదన్నా. లోపల దాన్ని మోస్తున్నవో లేదో మాత్రం ఈ మిషన్‌కు తెల్వదు. నువ్వూ, నీ పిల్లలూ మోస్తున్నరా అన్నది రక్తంల చూడాలె.” తర్వాత జమ్ములమ్మ వైపు తిరిగింది. “నీకు ఇంక పిల్లలు ఉన్నరా?”

“ఒక్క కొడుకు. బయటనే ఉన్నడు. వానికేం లేదు, దుక్క లెక్క ఉంటడు.”

“పిలువు. ఏం లేకున్నా చూడాలె. తోడబుట్టినోళ్లను చూడకుండ నేను ఇడిచిపెట్ట.”

యేసుబాబు నవ్వుతూ వచ్చాడు. తలుపు నిండా మనిషి. చెల్లెలి రోగానికి పేరు దొరికిందని వినగానే కళ్లు తుడుచుకుని, ఆమె తల నిమిరి, మంచం మీద వాలాడు. “జర బిరాన కానియ్యుర్రి మేడం. సాయంత్రం పెద్దమందడి దిక్కు కోత ఉన్నది” అని కళ్లు మూసుకున్నాడు.

తెర మీద సీతాకోకచిలుక వచ్చింది. బొమ్మ జర పైకి పోయింది.

డాక్టరమ్మ చెయ్యి ఆగింది. ఒక్క క్షణమే. వెంటనే అతని తల అటు తిప్పి, రెండో కణత నుంచి చూసింది. మళ్లీ మొదటి వైపుకు వచ్చింది. “అన్నా, నువ్వు జర బయట ఉండు” అంది వెనక్కి చూడకుండానే.

ఆశీర్వాదం కదల్లేదు. ఆ తెర మీద ఏది మంచో ఏది చెడో ఇందాక ఆవిడే అతనికి నేర్పింది. తన తలలో నల్లగా ఉన్న చోట, కాబోయే అల్లుడి తలలో రోజాకున్న తెలుపే ఉంది. ఇంకొంచెం పలచగా ఉంది, అంతే తేడా.

“యేసుబాబూ, చేతులు ముందలికి చాపు” అంది డాక్టరమ్మ.

చాపాడు. పెద్ద పెద్ద చేతులు, స్టీరింగు పట్టి కాయలు కాసిన చేతులు. ఒక్క వేలు కూడా అదరలేదు.

జమ్ములమ్మ తెర చూసింది. కొడుకు చేతులు చూసింది. ఆమె ఏడవలేదు. ఏడవడానికి ముందు తెలుసుకోవలసింది ఒకటి ఉంది.

“ఇంకా వణుకుతలేవు గదా డాక్టరమ్మా” అంది. “వణకకముందే దొరికిండు గదా?”

డాక్టర్ యమున ఆమె వైపు తిరిగింది. ఎందరో తల్లులకు ఈ కబురు చెప్పింది ఆవిడ. కబురులోని మంచిని ఇంత త్వరగా వెతికి పట్టుకున్న తల్లిని మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఆవిడ కళ్లు చెమర్చాయి. “దొరికిండమ్మా. మిగిలిన పరీక్షలు గూడ ఇదే చెప్తే, ఇప్పటి నుంచే మందు పడుతది. ఆ చేతులు ఎన్నటికీ వణకకపోవచ్చు. నువ్వు ఇయ్యాల ఈ గడప దాటినవు గనక దొరికిండు.”

యేసుబాబు కళ్లు తెరిచాడు. “ఎవరమ్మా దొరికింది?”

అంతలో మంచం పక్కన స్టూలు మీద అతని ఫోను మోగింది. చెయ్యి చాచబోయాడు గానీ దగ్గరున్నది ఆశీర్వాదం. ఫోను మీద తన కూతురి పేరు చూసి, దాన్ని తీసి చెవికి ఆనించుకున్నాడు.

“ఏంది బావా, ఇంతసేపా?” అంటోంది సువార్త అటు పక్క నుంచి. గొంతులో నవ్వు ఉంది. “మా నాయిన కోపం దిగిందా లేదా?”

జమ్ములమ్మ తమ్ముడి ముఖంలోకే చూస్తోంది. ఆశీర్వాదం అక్కను చూడలేదు, అల్లుణ్నీ చూడలేదు. కిటికీ లేని ఆ గదిలో గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

“నేను నాయిననే బిడ్డా” అన్నాడు. “నీ పెండ్లి గురించి ఒక మాట చెప్త. ముందుగాల నువ్వు కూసో.”

(మిగతాది వచ్చే వారం)